పాములకు ఇల్లు గీసిన జోన్

ఎండాకాలం వస్తే విడపనకల్లు నల్లరేగడి చేలు నెర్రెలిచ్చి నోళ్లు తెరుస్తాయి. మధ్యాహ్నం ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. మనం వేపచెట్టు నీడకో, ఫ్యాను కిందికో చేరతాం. పాములు కూడా అదే చేస్తాయి. నెర్రెల్లోకి, ఎలుక బొక్కల్లోకి, గట్ల మీది రాళ్ల కిందికి దిగిపోతాయి. పొద్దు గుంకి నేల చల్లబడ్డాక బయటికి వస్తాయి. చలికాలం అయితే లెక్క తిరగబడుతుంది. పొద్దున్నే ఎండ కాగడానికి గట్టెక్కుతాయి. పాము ఒంట్లో మనలాగా వేడి పుట్టించే యంత్రాంగం లేదు. వేడి కావాలంటే వేడి ఉన్న చోటికి, చల్లదనం కావాలంటే చల్లటి చోటికి అదే నడిచి వెళ్లాలి. దానికి చోటు మారడమే ఏసీ, చోటు మారడమే హీటర్.

అలాంటి జీవిని తెచ్చి ఒక గాజుపెట్టెలో పెడితే ఏమవుతుంది? ఫోన్లో రంగురంగుల విదేశీ పాముల రీల్స్ చూసి, పాము పిల్లను పెంచాలంటే ఎంత పెట్టె కావాలి, ఎన్ని లీటర్ల ట్యాంకు కొనాలి అని అడిగే కుర్రాళ్లు ఈమధ్య పెరిగారు. గాడ్జెట్ల గురించి రాసేవాణ్ని కాబట్టి నన్నూ అడుగుతున్నారు. ఈ ప్రశ్నను దాదాపు వందేళ్ల కిందటే సీరియస్‌గా తీసుకుని, జీవితమంతా దాని మీదే పనిచేసిన ఒకామె ఉంది. పేరు జోన్ బోషాంప్ ప్రోక్టర్. ఆమెకు యూనివర్సిటీలో చదివే అవకాశం దక్కలేదు, ఆరోగ్యమూ సరిగా ఉండేది కాదు, బతికింది 34 ఏళ్లే. అయినా సరీసృపాల కోసమే ప్రత్యేకంగా ఆలోచించి కట్టిన భవనాల్లో ప్రపంచం ఇప్పటికీ చెప్పుకునేది ఆమె గీసిన ఇంటినే.

భోజనాల బల్ల మీద బల్లి

జోన్ 1897 ఆగస్టు 5న లండన్‌లో పుట్టింది. తండ్రి స్టాక్ బ్రోకర్. తల్లికి చిత్రలేఖనం వచ్చు. పదేళ్ల వయసుకే ఇంట్లో పాములు, బల్లులు పెంచడం మొదలుపెట్టింది. వాటిలో డాల్మేషియన్ బల్లి అంటే ఆమెకు ప్రాణం. ఎక్కడికి వెళ్లినా వెంట ఉండేది. భోజనాల బల్ల మీద కూడా దానికో చోటు.

చదివింది లండన్‌లోని సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో. పదహారేళ్లప్పుడు ఒక మొసలి పిల్లను సంపాదించింది. దాన్ని ఏకంగా లెక్కల క్లాసుకే తీసుకెళ్లింది. టీచర్ల పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

ఇదంతా చిన్నప్పటి అల్లరి అనుకుంటే పొరపాటు. పెంచే ప్రతి జంతువునూ ఆ అమ్మాయి గమనించేది. ఎప్పుడు తింటోంది, ఎప్పుడు మానేస్తోంది, ఏ మూలకు వెళ్లి పడుకుంటోంది, కుబుసం ఎలా విడుస్తోంది అన్నీ చూసేది. ఇంజనీరింగ్‌లో మనం యూజర్ రీసెర్చ్ అని పేరు పెట్టుకున్న పని ఇదే. ఇక్కడ యూజర్ నోరు తెరిచి చెప్పదు, ఫీడ్‌బ్యాక్ ఫారం నింపదు. చూసి తెలుసుకోవడం తప్ప మార్గం లేదు.

యూనివర్సిటీ దారి మూసుకున్న చోట మొదలైన కెరీర్

చదువులో జోన్ చురుకు. కేంబ్రిడ్జికి వెళ్తుందని అందరూ అనుకున్నారు. చిన్నప్పటి నుంచీ వదలని పేగు జబ్బు ఆ దారి మూసేసింది. నెలలకు నెలలు మంచాన పడేసే నొప్పి అది. బడి చదువు అయిపోయాక ఆమె ముందు డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు.

అప్పుడు ఒక మనిషి ఆమెను గుర్తించాడు. ఆయన జార్జ్ ఆల్బర్ట్ బూలాంజే. లండన్‌లోని సహజచరిత్ర మ్యూజియంలో సరీసృపాల, చేపల విభాగం చూసేవాడు. ప్రపంచంలోని పాములన్నిటికీ 1893 నుంచి 1896 మధ్య మూడు సంపుటాల జాబితా తయారుచేసిన పండితుడు. మన దేశపు సరీసృపాలు, కప్పల మీద కూడా 1890లో ఒక పెద్ద గ్రంథం రాశాడు. పాములు పెంచే బడిపిల్లగా జోన్ ఆయనకు అప్పటికే తెలుసు. 1916లో ఆమెను తన దగ్గర సహాయకురాలిగా చేరమన్నాడు. మొదట జీతం లేదు. తర్వాత కొద్దిపాటి వేతనం ఇచ్చారు.

ఆ అల్మారాల్లో మన తెలుగు కూడా ఉందని చెబితే ఆశ్చర్యపోతారు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు కోరమాండల్ తీరంలో పాములను సేకరించి, 1796లో బొమ్మలతో పుస్తకం వేశాడు. చాలా పాములకు స్థానికులు పిలిచే తెలుగు పేర్లనే ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు. కట్లపాముల జాతికి శాస్త్రవేత్తలు వాడే బుంగారస్ అనే పేరు మన బంగారు అన్న మాట నుంచే వచ్చింది. రక్తపింజరికి రస్సెల్ పేరే పెట్టారు. జోన్ చదువుకున్న పాముల శాస్త్రం పునాదుల్లో మన తీరపు పాములు పట్టేవాళ్ల జ్ఞానం ఉందన్నమాట.

మ్యూజియంలో ఆమె గాజుసీసాల్లోని నమూనాలు చూస్తూ కూర్చోలేదు. పందొమ్మిదేళ్లకే అమెరికా ఖండపు విషసర్పాల మీద పరిశోధన పత్రం సమర్పించింది. 1917లో జువలాజికల్ సొసైటీ ఆమెను ఫెలోగా ఎన్నుకుంది. 1920లో బూలాంజే రిటైరయ్యాక సరీసృపాల విభాగం బాధ్యత ఆమె మీదే పడింది. తూర్పు ఆఫ్రికాలో ఒక తాబేలు ఉంది. చిప్ప పలచగా, మెత్తగా, రొట్టెలా ఉంటుంది. ప్రమాదం వస్తే రాళ్ల సందుల్లోకి దూరిపోతుంది. దాని మీద 1922లో ఆమె రాసిన పత్రం ఇప్పటికీ పేరున్నదే. ఒక జీవి ఒంటి నిర్మాణానికీ, అది దాక్కునే చోటుకూ ఉన్న సంబంధం ఆమెకు అక్కడ బాగా పట్టుబడింది. తర్వాత చేసిన పనికి ఇది పనికొచ్చింది.

పెట్టె నుంచి ఇంటికి

లండన్ జూలో పాముల గది కథ పాతది. 1849లోనే అక్కడ సరీసృపాల ఇల్లు తెరిచారు. 1852లో తాగిన మత్తులో నాగుపాముతో ఆటలాడిన ఉద్యోగి కాటుకు గురై చనిపోయాడు. 1883లో ఇంకో భవనం కట్టారు. అయినా అప్పటి ఆలోచన ఒకటే. జనం చూడాలి, జంతువు తప్పించుకోకూడదు. జంతువుకు ఏం కావాలి అన్న ప్రశ్న వరుసలో చివరన ఉండేది.

1923లో జూలో సరీసృపాల క్యూరేటర్‌గా ఉన్న బూలాంజే కొడుకు కొత్త అక్వేరియం బాధ్యతలకు మారాడు. ఆ కుర్చీలో జోన్‌ను కూర్చోబెట్టారు. ఆ పదవిలో ఆమే తొలి మహిళ. వయసు ఇరవై ఆరు. పాములు, మొసళ్ల విభాగానికి ఒక ఆడపిల్ల పెద్ద అంటే పేపర్లు ఎగబడి రాశాయి. ఆమె మాత్రం పనిలో దిగింది.

1924లో తెరిచిన అక్వేరియంలో తొట్ల వెనకాల రాతి అమరికలు గీసింది ఆమే. ఏ చేపకు ఎలాంటి రాయి, ఎక్కడ నీడ, ఎక్కడ సందు అని ఆలోచించి నమూనాలు తయారుచేసింది. బొమ్మలు గీయడం, మట్టితో మోడళ్లు చేయడం రెండూ చేతిలో ఉన్నాయి. మన భాషలో ప్రోటోటైప్ లేకుండా ప్రాజెక్టు మొదలుపెట్టేది కాదు.

ఆ అనుభవంతో అసలు పనికి వచ్చింది. ఆర్కిటెక్ట్ ఎడ్వర్డ్ గై డాబర్‌తో కలిసి కొత్త సరీసృపాల ఇంటికి డిజైన్ చేసింది. 1926లో పని మొదలై 1927లో తలుపులు తెరుచుకున్నాయి. అందులో మూడు నిర్ణయాలను చూడండి. ఈరోజు పాము పిల్లకు పెట్టె సిద్ధం చేసేవాళ్లు వాడే సూత్రాలన్నీ వాటిలో ఉన్నాయి.

మొదటిది వేడి. భవనమంతా ఒకే ఉష్ణోగ్రత పెట్టడం తేలిక. ఆమె అలా పెట్టలేదు. కరెంటు హీటర్లతో ఒక్కో భాగానికి ఒక్కో రకం వేడి అందేలా చూసింది. ఎడారి బల్లికి కావాల్సింది వేరు, వానల అడవి పాముకు కావాల్సింది వేరు.

రెండోది వెలుతురు. మామూలు గాజు ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. అవి లేకపోతే ఎన్నో బల్లులకు, తాబేళ్లకు విటమిన్ డి తయారుకాదు, కాల్షియం ఒంటబట్టదు, ఎముకలు వంకర్లు పోతాయి. అప్పుడే మార్కెట్లోకి వచ్చిన, ఆ కిరణాలను లోపలికి రానిచ్చే ప్రత్యేక గాజును ఆమె వాడించింది. కొత్త టెక్నాలజీని చూడగానే ఇది నా యూజర్‌కు పనికొస్తుందా అని అడగడం ఆమెకు అలవాటు.

మూడోది చూపు. జనం నడిచే దారి చీకటిగా, గదుల లోపల వెలుతురుగా ఉంచింది. దీంతో జనానికి జంతువు స్పష్టంగా కనబడుతుంది, జంతువుకు జనం గోల తగ్గుతుంది. ఒక్క ఏర్పాటుతో ఇద్దరి సమస్యా తీరింది.

ఆ గదుల్లో రాళ్లు, కొమ్మలు, నీటి గుంటలు అలంకారానికి పెట్టినవి కావు. ఎక్కేదానికి ఎక్కే చోటు, దూరేదానికి దూరే చోటు, మునిగేదానికి మునిగే చోటు ఉండేలా లెక్కపెట్టి అమర్చినవి.

సుంబావాతో నడక

అదే 1927లో ఇండోనేషియా దీవుల నుంచి రెండు కొమోడో డ్రాగన్లు జూకు వచ్చాయి. ప్రపంచంలో అతిపెద్ద బల్లులవి. ఒకదాని పేరు సుంబావా, ఇంకోదాని పేరు సుంబా. మనుషుల్ని చీల్చే రాక్షసులని అప్పటికే వాటి మీద కథలు. జోన్ వాటి జబ్బులకు వైద్యం చేసింది, దగ్గర కూర్చుని గమనించింది, మెల్లగా మచ్చిక చేసింది. 1928 అక్టోబరులో శాస్త్రవేత్తల సమావేశానికి సుంబావానే వెంట తీసుకెళ్లి, తన చేత్తో తినిపిస్తూ దాని గురించి వివరించింది.

పాములు, మొసళ్లకు వైద్యం చేయడంలో ఆమెకు మంచి పేరు. కొండచిలువల నోటి పుండ్లు శుభ్రం చేసేది, అవసరమైతే చిన్న శస్త్రచికిత్సలూ చేసేది. తన సొంత ఒళ్లు మాత్రం కుదుటపడలేదు. చివరి ఏళ్లలో నడవలేక మోటారు కుర్చీలో జూ అంతా తిరిగేది. ఒక్కోసారి ఆ కుర్చీ పక్కనే సుంబావా నడిచేదట. బయటివాళ్లకు అదో వింత. ఆమెకు మాత్రం రోజువారీ డ్యూటీ.

1931లో షికాగో విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. యూనివర్సిటీకి వెళ్లలేకపోయిన అమ్మాయికి డాక్టరేట్ అలా వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 20న లండన్‌లో ఆమె కన్నుమూసింది. క్యూరేటర్‌గా పనిచేసింది ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లలో గీసిన ఇల్లు దాదాపు వందేళ్ల పాటు పాములకు నీడ ఇచ్చింది.

తన ఒంటికి సరిపడని వేడి, తిండి, శ్రమ ఏం చేస్తాయో రోజూ అనుభవించిన మనిషి ఆమె. ఎదురుగా ఉన్న మూగజీవి ఒంటికి ఏది సరిపడుతుందో అంత పట్టుదలగా వెతకడానికి అదీ ఒక కారణం అయి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

మరి పాము పిల్లకు ఎంత పెట్టె?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పెంపకంలో ఎక్కువగా కనిపించే ఆఫ్రికా జాతి బాల్ పైథాన్‌నే తీసుకుందాం. పిల్ల గుడ్డులోంచి వచ్చినప్పుడు జానెడు నుంచి రెండు జానల దాకా ఉంటుంది. పెరిగాక మూడు నుంచి ఐదు అడుగులు అవుతుంది. చిన్నదే కదా అని చెప్పుల డబ్బాలో పెట్టేవాళ్లు ఉన్నారు. ఎలాగూ పెరుగుతుంది కదా అని ఒకేసారి పెద్ద ఖాళీ ట్యాంకులో వదిలేవాళ్లూ ఉన్నారు.

డబ్బాలో చోటు చాలక ఒక చివర వేడి, ఇంకో చివర చల్లదనం అనే తేడాయే రాదు. మరీ ఇరుకైతే పాము ఒళ్లు చాచలేదు. ఖాళీ ట్యాంకులో సమస్య వేరు. దాక్కునే చోటు లేని పాము పిల్లకు ఆ ఖాళీ అంతా ప్రమాదమే. గద్ద కింద నిలబడ్డ కోడిపిల్లలా ముడుచుకుంటుంది, తిండి మానేస్తుంది. పెద్ద పెట్టె తప్పు కాదు, దాన్ని ఖాళీగా ఉంచడం తప్పు.

అందుకే కొలత ఇలా వేయాలి. పాము పూర్తిగా సాగి పడుకుంటే పెట్టె పొడవు దానికి సరిపోవాలి. పిల్లకు రెండడుగుల పెట్టె చాలు, పెద్దదానికి కనీసం నాలుగడుగులు కావాలి. ఒక వైపు 31-32 డిగ్రీలు, రెండో వైపు 25-27 డిగ్రీలు ఉండాలి. రెండు వైపులా ఒళ్లు గోడలకు తగిలేంత ఇరుకైన గూళ్లు పెట్టాలి. ఒకటే గూడు పెడితే భద్రత కావాలా, సరైన వేడి కావాలా అని పాము ఎంచుకోవాల్సి వస్తుంది. హీటర్‌కు థర్మోస్టాట్ తప్పనిసరి. పొట్ట కింద కాలుతున్నా పాము వెంటనే పక్కకు జరగదు, ఒళ్లు బొబ్బలెక్కుతుంది. నీళ్ల గిన్నె, గట్టిగా బిగిసే మూత ఎలాగూ ఉండాలి.

విదేశీ గైడ్లు ఈ లెక్కలన్నీ చలిదేశాలను మనసులో పెట్టుకుని రాస్తాయి. మన ప్రాంతానికి వాటిని తిరగరాసుకోవాలి. అనంతపురం మే నెలలో గది ఉష్ణోగ్రతే ఆ పాము భరించే హద్దు దాటిపోతుంది. అప్పుడు హీటర్ గురించి ఆలోచించక్కర్లేదు, చల్లటి మూల ఎలా సృష్టించాలన్నదే ప్రశ్న. కిటికీ ఎండ తగిలే చోట గాజుపెట్టె పెడితే కొన్ని నిమిషాల్లో పొయ్యి అవుతుంది. మన గాలిలో తేమ తక్కువ కాబట్టి కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడి, కళ్ల మీద పొర మిగిలిపోతుంది. జోన్ ఒక్కో గదికి ఒక్కో వాతావరణం పెట్టింది ఇందుకే. ఇంటర్నెట్లో దొరికిన సెటప్‌ను మక్కీకి మక్కీ దింపితే సరిపోదు.

చట్టం ఏమంటుంది

ఒక మాట గట్టిగా చెప్పాలి. మన చేలల్లో దొరికే ఏ పామునూ పట్టి ఇంట్లో పెట్టుకోకూడదు. జెర్రిపోతు అయినా, నీటిపాము అయినా, కొండచిలువ పిల్ల అయినా అంతే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. విదేశీ జాతుల్లో బాల్ పైథాన్ లాంటివి అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందపు జాబితాల్లో ఉన్నాయి. 2024లో వచ్చిన నియమాల ప్రకారం వాటిని పెంచేవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కాగితాలు లేకుండా ఆన్‌లైన్‌లో అమ్మే పాము వెనక అక్రమ రవాణా ఉండే అవకాశం ఎక్కువ. ఇవి ఇరవై, ముప్పై ఏళ్లు బతికే జీవులు కూడా. హాస్టల్‌కు వెళ్తే, ఉద్యోగానికి బెంగళూరు పోతే దాన్ని ఎవరు చూస్తారు? దీనికి జవాబు లేకపోతే పెట్టె సైజు గురించి ఆలోచించే పనే లేదు.

చేలో పాము కనబడితే దూరం జరిగి, అటవీ శాఖకు ఫోన్ చేయండి. కాటు పడితే మంత్రాలు, కట్లు, కోతలు వద్దు. కదలకుండా ఉంచి నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. విషానికి విరుగుడు మందు ఉండేది అక్కడే.

ఆసక్తి ఉంటే దారులు ఇవీ

పాముల మీద ఇష్టం ఉన్నవాళ్లు పాము కొననవసరం లేదు. జోన్ చేసిన పని ఇప్పుడు మన దగ్గర వృత్తిగా ఉంది. బీఎస్సీ జువాలజీ చేసినవాళ్లకు డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ ఉంది. వెటర్నరీ వైపు వెళ్లాలంటే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. తిరుపతి, విశాఖపట్నం, హైదరాబాద్ జూలలో సరీసృపాల విభాగాలను వెళ్లి చూడండి. చెన్నైలో 1972లో మొదలైన స్నేక్ పార్కు, 1976లో మొదలైన మొసళ్ల బ్యాంకు విడపనకల్లు నుంచి రాత్రి ప్రయాణం దూరంలోనే ఉన్నాయి.

ఇంజనీర్లకూ ఇక్కడ పని ఉంది. జూలలో ఉష్ణోగ్రత, తేమ, వెలుతురు నియంత్రించేది సెన్సర్లు, కంట్రోలర్లే. మన ఎండకు, మన కరెంటు కోతలకు తట్టుకునే, తక్కువ ఖర్చులో చల్లటి మూల ఇచ్చే ఎన్‌క్లోజర్ డిజైన్ మంచి ఫైనలియర్ ప్రాజెక్టు. మొదలుపెట్టడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. రెండు ఉష్ణోగ్రత సెన్సర్లు తీసుకుని ఒకటి చేను గట్టు మీది రాయి పైన, ఇంకోటి కర్రకు కట్టి ఆ రాయి నీడలో పెట్టండి. చేతులు మాత్రం రాళ్ల సందుల్లో పెట్టకండి. ఒక రోజంతా రీడింగులు నమోదు చేసి గ్రాఫ్ గీయండి. రెండు గీతల మధ్య కనిపించే ఆ తేడాలోనే మన పాములు బతుకుతున్నాయి. జోన్ లండన్‌లో కరెంటు తీగలతో, గాజుతో, రాళ్లతో కట్టింది ఆ తేడానే.